బిల్ టియర్నీ ఎవరండీ? మా అబ్బాయి కోచ్ ఆయన మ్యాచ్‌లు చూడమన్నాడు

ఫోర్సైత్_అమ్మ

అందరికీ నమస్కారమండీ. మేం అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. మా పెద్దబ్బాయి పదో క్లాసు. మూడేళ్లుగా లాక్రోస్ ఆడుతున్నాడు, అదే, చివర వల ఉన్న కర్రతో బంతి పట్టి విసిరి గోల్ వేసే ఆట. డిఫెన్స్‌లో ఉంటాడు. వాడి కర్ర వాడికంటే ఎత్తు. వెనక సీటు మడిస్తే తప్ప కారులో పట్టదు.

మొన్న సీజన్ ఆఖరి మ్యాచ్ అయ్యాక కోచ్ వాణ్ణి పక్కకి పిలిచాడట. "నీ మనిషిని నువ్వు బాగానే కాస్తున్నావు. పక్కవాడు దొరికిపోయినప్పుడు మాత్రం నిలబడి చూస్తున్నావు. ఈ వేసవిలో బిల్ టియర్నీ జట్లు ఆడిన పాత మ్యాచ్‌లు చూడు" అన్నాడట. అప్పట్నుంచీ వీడు రాత్రి భోంచేసి కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. నేనూ పక్కన కూర్చుంటున్నాను కానీ, పదిమంది ఇటు పదిమంది అటు పరిగెత్తుతున్నారన్నంత వరకే నాకు తెలుస్తోంది. ఈ టియర్నీ ఎవరు, ఏం చేశాడు, ఎవరైనా తెలుగులో చెప్తారా? వాడు మాట్లాడుతుంటే నాకూ ఒక మాట అనాలని ఉంది.

ప్లెయిన్స్‌బరో_నాన్న

అమ్మా, మీ ప్రశ్న చూసి ఆఫీసు పని పక్కన పెట్టి రాస్తున్నాను. ఈయన గురించి నన్ను తెలుగులో అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు.

నేను 1999లో న్యూజెర్సీ వచ్చాను. ప్లెయిన్స్‌బరోలో ఇల్లు, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి పది నిమిషాలు. 2001 మే 28, మెమోరియల్ డే. పిస్కాటవేలో రట్గర్స్ స్టేడియంలో కాలేజీ లాక్రోస్ ఫైనల్. నా పక్క క్యూబికల్ ఆయన దగ్గర ఒక టికెట్ మిగిలిపోతే నన్ను లాక్కెళ్లాడు. ప్రిన్స్‌టన్, సిరక్యూస్. ఆట నియమాలు ఒక్కటీ తెలియవు నాకు. ప్రిన్స్‌టన్ ఒక గోల్ ఆధిక్యంలో ఉంది, గడియారంలో సెకన్లు మిగిలాయి, సిరక్యూస్ కుర్రాడు మైకీ పావెల్ గోల్ కొట్టి 9-9 చేశాడు. స్టేడియంలో సగం మంది లేచి గంతులు. నేను ఆ గొడవలో ప్రిన్స్‌టన్ బెంచి వైపు చూశాను. కోచ్ అప్పటికే కుర్రాళ్లని చుట్టూ చేర్చుకుని చేత్తో గాల్లో గీతలు గీసి చూపిస్తున్నాడు. జరిగిందాని గురించి ఒక్కడి మొహంలోనూ ఏమీ లేదు. అదనపు సమయం మొదలైన నిమిషంలోపే బీజే ప్రేగర్ గోల్. 10-9. ఆ కోచే బిల్ టియర్నీ. ఆ రోజు ప్రిన్స్‌టన్ గోల్‌కీపర్ ట్రెవర్ టియర్నీ, ఆయన కొడుకు.

అది ప్రిన్స్‌టన్‌కి ఆయన తెచ్చిన ఆరో జాతీయ టైటిల్. 1992, 1994, 1996, 1997, 1998, 2001. పదేళ్లలో ఆరు. వాటిలో నాలుగు ఒక్క గోల్ తేడాతో, అదనపు సమయంలో వచ్చాయి. 92లో సిరక్యూస్ మీద 10-9, 94లో వర్జీనియా మీద 9-8, 96లో మళ్లీ వర్జీనియా మీద 13-12, ఆపైన నేను చూసినది.

ఇక మొదలు ఎక్కడో చెప్తాను, అసలు కథ అదే. ఆయన పుట్టి పెరిగింది న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో లెవిటౌన్. కోర్ట్‌లాండ్‌లో చదివి, లాంగ్ ఐలాండ్ హైస్కూళ్లలో టీచరుగా, కోచ్‌గా చేశాడు. 1982 నుంచి మూడేళ్లు రాచెస్టర్‌లో ఆర్‌ఐటీ అనే కాలేజీకి కోచ్. తర్వాత బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్‌కి అసిస్టెంట్‌గా వెళ్లాడు. అక్కడున్న మూడు సీజన్లలో రెండుసార్లు, 1985, 1987లో హాప్కిన్స్ జాతీయ టైటిల్ గెలిచింది. అలాంటి చోటు వదిలి 1988 సీజన్‌కి ప్రిన్స్‌టన్ వచ్చాడు. అప్పటికి ప్రిన్స్‌టన్ ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొహం చూడలేదు, అంటే కాలేజీల జాతీయ కప్పు పోటీ. మొదటి ఏడాది ఫలితం ఎంతో తెలుసా? 2 గెలుపులు, 13 ఓటములు.

పదమూడు ఓటములమ్మా. ఆ ఏడాది ఆయన ఎంచుకుని రప్పించిన కుర్రాళ్లు సెప్టెంబరులో కాలేజీలో చేరారు. వాళ్లే నాలుగో ఏట, 1992 మేలో, ఫిలడెల్ఫియా ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో కప్పు ఎత్తారు. మధ్యలో 1990లో మొదటిసారి టోర్నమెంట్‌కి వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే ఆయన పాత ఇల్లు జాన్స్ హాప్కిన్స్‌ని 9-8తో ఓడించారు. 1971లో టోర్నమెంట్ మొదలైనప్పట్నుంచి కప్పు ఆరు కాలేజీల చేతుల్లోనే తిరిగింది. ఏడోది ప్రిన్స్‌టన్.

మిగతాది రాత్రికి రాస్తాను.

పొడుగు_కర్ర

ఆంటీ, నేను ఇక్కడే పుట్టాను. తెలుగు మా తాతగారు నేర్పారు. కాలేజీలో క్లబ్ జట్టుకి డిఫెన్స్ ఆడాను, మీ వాడి స్థానమే. కోచ్ చెప్పిన మాట నాకు బాగా తెలుసు, నన్నూ అలాగే తిట్టారు.

మ్యాచ్ చూసేటప్పుడు మీరు బంతిని చూడకండి. బంతి ఉన్నవాణ్ణి కాస్తున్న డిఫెండర్ పాదాలు చూడండి. ఎదుటివాడు భుజం ఒకవైపు వాల్చి రెండో వైపు దూకుతాడు. డిఫెండర్ పాదం ఒక్క అడుగు వెనకబడితే ఇక దొరికిపోయినట్టే, ఎదురుగా గోల్. ఆ క్షణంలో పక్క డిఫెండర్ తన మనిషిని వదిలేసి అడ్డం పడాలి. దాన్ని స్లైడ్ అంటారు. తను వదిలేసిన మనిషి ఇప్పుడు ఖాళీ. వాడి దగ్గరికి మూడోవాడు జరగాలి. మూడోవాడి మనిషికి ఇంకొకడు. ఇదంతా ఒక సెకను, సెకనున్నరలో అయిపోవాలి.

అందుకే వాళ్లు ఆపకుండా అరుస్తూనే ఉంటారు. మొదట వెళ్లాల్సినవాడు "హాట్, హాట్" అంటాడు. అంటే "నువ్వు దొరికిపోతే వచ్చేది నేనే" అని. రెండోవాడు "టూ" అంటాడు, "అతను వెళ్తే అతని మనిషి నాది" అని. శబ్దం పెంచి వినండి, పాత వీడియోల్లో కూడా వినిపిస్తుంది.

టియర్నీ ఈ స్లైడ్‌ని కనిపెట్టలేదు. అందరూ చేసేదే. ఆయన జట్లు చేసినంత తూచినట్టు ఎవరూ చేయలేదంతే. ఎవడు ఎప్పుడు వదలాలి, ఎంత దూరం వెళ్లాలి, తర్వాత మళ్లీ ఎక్కడికి తిరిగి రావాలి అన్నది ఆయన ఒక పాఠంలా చెప్పాడు. మా హైస్కూల్ కోచ్ బోర్డు మీద గీసిన బొమ్మలు ప్రిన్స్‌టన్ బొమ్మలే.

గుంటూరు_పీఈటీ

నమస్తే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, ఆమె ద్వారా ఈ వేదికలోకి వచ్చాను. లాక్రోస్ నేను ఎన్నడూ చూడలేదు. కానీ పొడుగు కర్ర బాబు రాసింది చదివి లేచి కూర్చున్నాను.

బాబూ, ఇది కబడ్డీ పట్టే కదా! కూతకొచ్చినోడు ఎడమ మూలకి కాలు చాపుతాడు. మూలవాడు మడమ అందుకుంటాడు. అక్కడితో పట్టు అయిపోయిందనుకుంటారు చూసేవాళ్లు. కాదు. ఒక్కడి పట్టుతో కూతగాడు ఆగడు, వాణ్ణి ఈడ్చుకుంటూ గీత దాకా పోతాడు. కవర్‌లో ఉన్నవాడు తన చోటు వదిలి వాడి నడుం మీద పడాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా పట్టినవాడు, పక్కవాడు ఇద్దరూ ఔట్. పిల్లలు మూలవాణ్ణి నిందిస్తారు, "నువ్వు వదిలేశావు" అని. నేను కవర్‌వాణ్ణి నిలబెట్టి అడిగేవాణ్ణి, "నువ్వెక్కడున్నావురా" అని.

దీన్ని నేర్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మడమ పట్టడం నెల రోజుల్లో నేర్పొచ్చు. తన చోటు వదిలి పక్కవాడి కోసం పోవడం నేర్పడానికి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే వదిలిన చోటు నుంచి పాయింట్ పోతే తిట్లు తనకే. తన వెనక ఇంకొకడు వస్తాడని నమ్మితేనే వాడు కదులుతాడు. 2 గెలిచి 13 ఓడిన జట్టుకి ఆయన ఈ నమ్మకం ఎలా నూరిపోశాడో నాకు తెలుసుకోవాలని ఉంది. ఎవరైనా రాయండి.

ప్లెయిన్స్‌బరో_నాన్న

మాస్టారూ, మీరు నా మనసులో మాట పట్టుకున్నారు.

రాత్రి మా బాబుతో కూర్చుని 1992 ఫైనల్ మళ్లీ చూశాను. అందులో గోల్‌కీపర్ స్కాట్ బాసిగలూపో అప్పటికి రెండో ఏడాది విద్యార్థి. డిఫెన్స్‌లో డేవిడ్ మారో. ఈ మారో తర్వాత దేశంలోనే మేటి ఆటగాడిగా అవార్డు తెచ్చుకున్నాడు. ఇంకో విశేషం, అల్యూమినియం కర్రలు వంగిపోతున్నాయని టైటానియం కర్ర చేయించింది అతనే. వాళ్ల నాన్నది లోహపు గొట్టాల వ్యాపారం. అక్కడ మొదలై వారియర్ అనే పెద్ద కంపెనీ అయింది. మీ వాడి కర్ర మీద ఆ పేరే ఉండొచ్చు చూడండమ్మా.

నమ్మకం ఎలా వచ్చిందన్నదానికి నాకు తోచింది చెప్తాను. మొదటి ఏడాది ఆయన దగ్గరున్నవాళ్లలో పెద్ద పెద్ద షూటర్లు లేరు. పదిమంది గోల్ కొట్టేవాళ్లని ఒక్కసారిగా తెచ్చుకోవడానికి ఐవీ లీగ్‌లో, అంటే ప్రిన్స్‌టన్ ఉన్న పాత పేరున్న కాలేజీల గుంపులో, ఆటల స్కాలర్‌షిప్పులూ లేవు. నేర్పితే వచ్చేది ఏముంది? డిఫెన్స్. పరుగు, చూపు, అరుపు, క్రమం. హైస్కూల్లో పిల్లలకి పాఠం చెప్పి వచ్చిన మనిషి కదా, పుట్టుకతో రావాల్సిన విద్యని పక్కన పెట్టి, నేర్పగలిగిన విద్య దగ్గర మొదలుపెట్టాడు. గోల్స్ ఇచ్చుకోవడం ముందు ఆగింది, ఓటములు చిన్న తేడాల్లోకి వచ్చాయి, తర్వాత గెలుపులు. అదనపు సమయంలో నాలుగు ఫైనల్స్ గెలవడం అదృష్టం అనేవాళ్లున్నారు. నేను అనను. ఊపిరి ఆడనప్పుడు కూడా ఎవడి చోటు వాడికి తెలిసిన జట్టే చివర్లో గెలుస్తుంది.

బాల్టిమోర్_బాబాయ్

అందరూ ఒకే పాట పాడుతున్నారు, నేను కొంచెం వేరేగా చెప్తాను. పాతికేళ్లుగా హాప్కిన్స్ జట్టు ఆడే హోమ్‌వుడ్ ఫీల్డ్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉంటున్నాను, ఆ జట్టు అభిమానిని. టియర్నీ గొప్ప కోచ్, ఎవరూ కాదనరు. కానీ ఆ ప్రిన్స్‌టన్ జట్లలో కొన్నింటి ఆట చూడ్డానికి ఓపిక కావాలి. బంతి దగ్గర పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, ఎదుటివాడు విసిగిపోయేదాకా షాట్ కొట్టరు. అప్పట్లో షాట్ క్లాక్ లేదు, అంటే ఇంత సేపట్లో షాట్ కొట్టి తీరాలనే గడియారం. 80 సెకన్ల గడియారం 2019 సీజన్‌కి గానీ రాలేదు.

అదే సమయంలో సిరక్యూస్ చూడండి. రాయ్ సిమన్స్ జూనియర్ అని అక్కడి కోచ్, శిల్పి కూడా. ఆయన తండ్రి కూడా అదే జట్టుకి కోచ్. కుర్రాళ్లని స్వేచ్ఛగా వదిలేవాడు. 1988లో గ్యారీ గెయిట్ గోల్ వెనక నుంచి గాల్లోకి ఎగిరి, పైకమ్మీ మీదుగా కర్ర దించి బంతి లోపల పడేశాడు. జనం ఈ ఆటని ప్రేమించింది అలాంటివి చూసి. టియర్నీ పద్ధతిని దేశంలో ఎన్నో స్కూళ్లు కాపీ కొట్టాయి కదా, డిఫెన్స్ ఒక్కటే నేర్పి పిల్లల చేతుల్లోంచి ఆనందం తీసేశారని నాకు బాధ ఉంది.

ప్లెయిన్స్‌బరో_నాన్న

బాబాయ్ గారూ, మీ బాధ అర్థమైంది, అందులో కొంత నిజముంది కూడా. గెయిట్ గోల్ నేనూ ఎన్నిసార్లు చూశానో. కానీ 1997 ఫైనల్ ఒకసారి గుర్తు చేసుకోండి. మేరీలాండ్ మీద 19-7. ఆ ఏడాది ప్రిన్స్‌టన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. తర్వాతి ఏడాది ఫైనల్ మళ్లీ మేరీలాండ్, 15-5. జెస్సీ హబ్బర్డ్, జాన్ హెస్, క్రిస్ మాసీ. ముగ్గురూ ఒకే బ్యాచ్, మూడేళ్లు వరసగా కప్పు. హెస్ గోల్ వెనక నుంచి ఇస్తే హబ్బర్డ్ కొట్టిన షాట్ కీపర్ కంటికి ఆనేది కాదు. దాన్ని నెమ్మది ఆట అనగలమా?

ఆ దాడి మొత్తం అసిస్టెంట్ డేవిడ్ మెట్జ్‌బవర్ చేతుల్లో పెట్టేశాడు టియర్నీ. తన బలం ఎక్కడో తెలిసి, మిగతాది ఇంకొకరికి పూర్తిగా అప్పగించడం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చిన గుణం. మన ఆఫీసుల్లో ఎంతమంది మేనేజర్లు అలా వదులుతారు?

బాల్టిమోర్_బాబాయ్

97 జట్టు విషయంలో ఒప్పుకుంటున్నాను. ఆ ముగ్గురినీ కాదనడం ఎవరి తరమూ కాదు. మెట్జ్‌బవర్ పేరు మీరు చెప్పడం సంతోషం, ఆయన్ని ఎవరూ తలవరు.

ఇంకో మాట. మా ఊళ్లోనే 1998లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. అమెరికా జట్టుకి కోచ్ టియర్నీ. ఫైనల్లో పెద్ద ఆధిక్యం చేతిలోంచి జారి, కెనడా సమం చేసేసింది. అదనపు సమయంలో 15-14తో బయటపడ్డారు. ఆ రోజు అమెరికా వైపు అరిచాను, దాచడమెందుకు.

ఫ్రిస్కో_2009

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వాడికి పన్నెండేళ్లు. లాక్రోస్ ఆడితే ప్రిన్స్‌టన్ లాంటి చోట సీటు సులువని మా పాట్‌లక్‌లో అందరూ అంటున్నారు. నిజమేనా? క్లబ్ ఫీజులు, టోర్నమెంట్ హోటళ్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

పొడుగు_కర్ర

అంకుల్, సులువు అనే మాట తీసేయండి. ఐవీ లీగ్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఆర్థిక సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టే. కోచ్ కోరుకున్న పిల్లాడికి అడ్మిషన్‌లో మద్దతు ఉంటుంది, కానీ మార్కులు కూడా ఆ స్థాయికి రావాలి. ఇంకోటి, పదకొండో క్లాసు సెప్టెంబర్ 1 ముందు కాలేజీ కోచ్‌లు పిల్లాడితో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. కాబట్టి పన్నెండేళ్లకే ఎవరైనా "కాలేజీ కోచ్‌లకి చూపిస్తాం" అని డబ్బు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మా అమ్మానాన్న ఒక క్లబ్‌కి అలాగే రెండేళ్లు కట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

మీ వాడికి ఆట ఇష్టమైతే ఒక గోడ చూపించండి. రోజూ ఇరవై నిమిషాలు గోడకి బంతి కొట్టి పట్టుకోవడం, కుడి చేత్తో యాభై, ఎడమ చేత్తో యాభై. దానికి ఫీజు లేదు.

ఫ్రిస్కో_2009

థాంక్స్ బాబూ. గరాజ్ పక్క గోడ ఉంది.

డెన్వర్_అన్నయ్య

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. ప్రిన్స్‌టన్ దగ్గరే ఆపేస్తారేమో అని కంగారుపడ్డాను. సగం కథ మా ఊళ్లోనే ఉందండీ.

2009లో, అరవైకి దగ్గరపడే వయసులో, ఇరవై రెండు సీజన్లు, ఆరు టైటిళ్లు, పద్నాలుగు ఐవీ లీగ్ టైటిళ్లు ఉన్న చోటు వదిలేసి డెన్వర్ యూనివర్సిటీకి వచ్చాడు. అప్పటిదాకా డివిజన్ వన్, అంటే కాలేజీల పై స్థాయి, పురుషుల కప్పు తూర్పు రాష్ట్రాలు దాటలేదు. అందరూ పిచ్చి అన్నారు. నేనూ, మా ఆఫీసులో న్యూయార్క్ నుంచి వచ్చినవాళ్లూ నమ్మలేదు.

మా ఊరి సంగతి తెలుసుగా, సముద్రమట్టానికి పదహారు వందల మీటర్ల ఎత్తు. మార్చిలో మంచు. పీటర్ బార్టన్ స్టేడియం అని లాక్రోస్ కోసమే కట్టిన చిన్న స్టేడియం ఉంది క్యాంపస్‌లో. ఒకసారి మధ్యాహ్నం మ్యాచ్‌కి ముందు పారలతో మంచు తీసి గట్టున పోశారు, ఆ గుట్టల మీద పిల్లలు ఎక్కి కూర్చుని చూశారు. మా పాప వాళ్లలో ఒకతె. తూర్పు నుంచి వచ్చిన జట్లు మూడో క్వార్టర్‌కి నడుం మీద చేతులు పెట్టుకుని వగర్చేవి.

వచ్చిన మొదటి ఏడాదే టోర్నమెంట్. రెండో ఏడాది, 2011లో, డెన్వర్ మొదటిసారి సెమీస్. 2013, 2014 కూడా సెమీస్‌లో ఆగిపోయారు. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చారు.

2015. క్వార్టర్ ఫైనల్ మా ఊళ్లోనే, బ్రాంకోస్ అనే ఫుట్‌బాల్ జట్టు ఆడే పెద్ద స్టేడియంలో, ఒహాయో స్టేట్ మీద. సెమీస్‌లో నోటర్‌డేమ్. నాలుగు గోల్స్ ఆధిక్యం చివరి నిమిషాల్లో కరిగిపోయి 10-10. నేను సోఫా వెనక నిలబడి ఉన్నాను, కూర్చోలేక. అదనపు సమయంలో వెస్లీ బెర్గ్ గోల్. మే 25న ఫిలడెల్ఫియాలో ఫైనల్, ఎదురుగా మేరీలాండ్. 10-5. బెర్గ్ ఒక్కడే ఐదు. ఆ సీజన్ 17 గెలుపులు, 2 ఓటములు. రెండు వేర్వేరు కాలేజీలతో డివిజన్ వన్ పురుషుల కప్పు గెలిచిన మొదటి కోచ్ టియర్నీ. ఆయనకి ఏడోది.

ఇప్పుడు బాబాయ్ గారికి నచ్చే విషయం. ఆ డెన్వర్ దాడిలో కెనడా ముద్ర పెద్దది. బెర్గ్‌ది బ్రిటిష్ కొలంబియా. అక్కడ పిల్లలు శీతాకాలం ఐస్ హాకీ ఆడిన రింకులోనే, మంచు తీసేశాక, గోడల మధ్య బాక్స్ లాక్రోస్ ఆడతారు. గోల్ చిన్నది, కీపర్ దాన్ని నింపేసి ఉంటాడు, కాబట్టి చారెడు సందులోంచి వేయడం చిన్నప్పుడే అలవాటవుతుంది. దాడికి అసిస్టెంట్ మ్యాట్ బ్రౌన్, ఆయనా కెనడావాడే, డెన్వర్ పాత ఆటగాడు. అరవై దాటిన మనిషి తను ముప్పై ఏళ్లు నమ్మిన పద్ధతి పక్కన ఇంకో దేశపు పద్ధతిని కూర్చోబెట్టుకున్నాడు. డిఫెన్స్ మాత్రం తనదే. కప్పు మ్యాచ్‌లో మేరీలాండ్‌కి ఐదే గోల్స్, చూడండి.

బాల్టిమోర్_బాబాయ్

డెన్వర్ అన్నయ్యా, 2015 జట్టు ఆట నాకు నిజంగా నచ్చింది. అంత అందంగా ఆడించగలిగిన మనిషి ముందు ఎందుకు ఆడించలేదని అప్పుడు కోపం కూడా వచ్చింది. ఇప్పుడు మీరు చెప్తుంటే, ముందు అలాంటి కుర్రాళ్లు ఆయన దగ్గర లేరేమో అనిపిస్తోంది.

ఈ కెనడా సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. ఈ ఆట హోడెనోషోనీ ప్రజలది. వాళ్లు ఉత్తర అమెరికా ఆదివాసులు, ఆరు తెగల సమాఖ్య. వాళ్లకి ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట, జబ్బు చేసినవాళ్ల కోసం కూడా ఆడతారు. పుట్టిన బిడ్డ పక్కన చిన్న కర్ర పెడతారు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ ఉంది, ఆరుగురు ఆడే రకం. అక్కడ వాళ్లు తమ జెండా కిందే ఆడాలని అడుగుతున్నారు. ఆడనివ్వాలి. కోచ్‌ల గొప్పతనం మాట్లాడుకునే చోట ఈ మాట లేకపోతే నాకు నిద్ర పట్టదు.

గుంటూరు_పీఈటీ

మంచి మాట చెప్పారు బాబాయ్ గారూ. బిడ్డ పక్కన కర్ర పెట్టే సంగతి మా మనవడికి చెప్తాను.

డెన్వర్ అన్నయ్య గారూ, ఆయన ఇప్పుడెక్కడున్నారు? ఇంకా నేర్పుతున్నారా?

డెన్వర్_అన్నయ్య

మాస్టారూ, 2023 సీజన్ అయ్యాక కాలేజీ కోచింగ్ మానేశారు. ప్రిన్స్‌టన్‌లో 22 సీజన్లు, ఇక్కడ 14. ఆయన కుర్చీలో మ్యాట్ బ్రౌనే కూర్చున్నాడు, తర్వాతి ఏడాదే జట్టుని సెమీస్‌కి తీసుకెళ్లాడు. టియర్నీ ఇంట్లో కూర్చున్నాడా అంటే లేదు. ప్రొఫెషనల్ లీగ్‌లో ఫిలడెల్ఫియా వాటర్‌డాగ్స్‌కి కోచ్‌గా వెళ్లాడు. డెబ్బై దాటాక.

నేను రాయడం మరిచిన పేరు ఒకటి. ట్రెవర్ బప్టిస్ట్. 2015లో అప్పుడే చేరిన కుర్రాడు. ఫేస్ ఆఫ్ అంటే, గోల్ పడ్డాక మధ్య గీత దగ్గర ఇద్దరు వంగి, నేల మీద పెట్టిన బంతి కోసం పోరాడతారు. బంతి ఎవరిదైతే దాడి వాళ్లది. ఈ అబ్బాయి న్యూజెర్సీవాడే, డెన్విల్ ఊరు. పెద్ద కాలేజీల కళ్లు అతని మీద పడలేదు. టియర్నీ పిలిచాడు. నాలుగేళ్లు అతను వంగితే బంతి మాదే అన్నంత ధీమాగా ఉండేవాళ్లం.

ప్లెయిన్స్‌బరో_నాన్న

డెన్విల్ మాకు గంట దూరం. మా చుట్టుపక్కల కాలేజీలన్నీ వదిలేసిన పిల్లాణ్ణి పదహారు వందల మైళ్ల అవతల ఉన్న మనిషి చూశాడు. ఇది చదివి ఒక నిమిషం ఊరికే కూర్చుండిపోయాను.

ఆయన వెళ్లిపోయిన ఏడాది నాకు కోపం వచ్చింది, చెప్పాలి. 2002 ఫైనల్లో సిరక్యూస్ చేతిలో 13-12తో ఓడాం, 2004లో సెమీస్. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ సెమీస్ గడప కూడా తొక్కలేదు. "ఇక్కడ మళ్లీ నిలబెట్టకుండా వెళ్లిపోతాడా" అనుకున్నాను. ఆ వసంతంలో స్టేడియంకి వెళ్లడం మానేశాను. 2015లో డెన్వర్ గెలిచిన సాయంత్రం మా ఆవిడ టీవీ ఆన్ చేసి పిలిస్తే వచ్చి చూశాను. ఎదురుగా అదే మనిషి. అరుస్తున్నాడు, రిఫరీతో వాదిస్తున్నాడు, ఆట ఆగగానే కుర్రాళ్లని చుట్టూ చేర్చుకుని గాల్లో గీతలు గీస్తున్నాడు. పద్నాలుగేళ్ల క్రితం రట్గర్స్‌లో చూసిన చేయే. కోపం పోయింది.

పొడుగు_కర్ర

ఆంటీ, మీ వాడికి 2015 ఫైనల్ రెండో సగం చూపించండి. బంతి చూడొద్దని చెప్పండి.

ఫోర్సైత్_అమ్మ

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మూడు వారాలుగా రోజూ మీ పోస్టులు మా వాడికి చదివి వినిపిస్తున్నాను. తెలుగు చదవలేడు, వింటాడు. మాస్టారి కబడ్డీ మాట విన్నాక గుంటూరులో వాళ్ల తాతయ్యకి ఫోన్ చేశాడు. ఇద్దరూ వీడియో కాల్‌లో అరగంట మాట్లాడుకున్నారు. తాతయ్య మంచం దిగి, కవర్‌వాడు ఎలా వంగుతాడో చూపించారు.

మొన్న శనివారం సమ్మర్ లీగ్ మ్యాచ్. నేను బంతి చూడలేదు, పాదాలు చూశాను. రెండో క్వార్టర్‌లో ఎడమవైపు వీళ్ల డిఫెండర్ ఒక అడుగు వెనకబడ్డాడు. మా వాడు "హాట్" అని అరిచి తన మనిషిని వదిలేశాడు. అడ్డం పడ్డాడు. కానీ వెనక "టూ" అనాల్సిన పిల్లాడు కదల్లేదు. మా వాడు వదిలిన మనిషికి బంతి వెళ్లింది, గోల్.

పక్కన కూర్చున్న ఒక నాన్న, "ఆ నలభై ఒకటో నంబర్ కుర్రాడు తన మనిషిని ఎందుకు వదిలాడు" అన్నాడు. నలభై ఒకటి మా వాడే. అంతకుముందైతే తల దించుకునేదాన్ని. ఈసారి ఆయన వైపు తిరిగి, వాడు వెళ్లాల్సిందే వెళ్లాడండీ, రెండోవాడు రాలేదు అని చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, ఇంకోసారి చెప్పమన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను.

ఆట ఆగినప్పుడు మా వాడు ఆ రెండో పిల్లాడి దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేసి ఏదో చెప్పాడు. కోపంగా కాదు. మూడో క్వార్టర్‌లో మళ్లీ అలాగే అయింది. ఈసారి రెండు అరుపులూ వినిపించాయి, గోల్ పడలేదు.

వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉంది. మాస్టారూ, మీ నంబర్ నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపగలరా? వాడు మీతో కూత గురించి మాట్లాడాలంటున్నాడు.

గుంటూరు_పీఈటీ

పంపానమ్మా. ఉదయం ఆరుకి, ఇక్కడి టైం, ఎప్పుడైనా చేయమనండి. ఆ రెండో పిల్లాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోమని చెప్పండి.